చూపు ఠక్కున పోతే ముందు గడియారం చూడండి

విశాఖలో కంటి డాక్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. శుక్లాలు, నీటికాసులు, షుగర్ వల్ల పాడయిన రెటీనాలు చూడటంతోనే నా ఉద్యోగం ఎక్కువ భాగం గడిచింది. వాటి గురించి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నేను రాయాలనుకున్నది అరుదుగా వచ్చే జబ్బు గురించి. రెటీనాకు రక్తం తెచ్చే ప్రధాన ధమని ఉన్నట్టుండి మూసుకుపోతుంది. ఆ కంటికి లోకం చీకటవుతుంది. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్కలు. ఆ లెక్క మనకూ సరిపోతుందనుకుంటే, ఇరవై లక్షలు దాటిన మన ఊళ్ళో ఏటా ఇరవై మందికి తక్కువ కాకుండా ఈ గతి పడుతుంది. పైగా ఇది ఎక్కువగా అరవై దాటినవాళ్ళ జబ్బు. ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి వెలిగించిన తరం, 1980ల్లో కుర్రాళ్ళుగా చేరినవాళ్ళు, ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1. నొప్పి ఉండదు. మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేది అదే.

కంట్లో నలుసు పడితే ఉరుకులు పరుగుల మీద వస్తారు. కన్ను ఎర్రబడి పోటు పెడితే అర్ధరాత్రి తలుపు కొడతారు. చూపు మొత్తం పోయినవాళ్ళు మాత్రం మర్నాడు వస్తారు, రెండో రోజు వస్తారు. ఉక్కు ఫ్యాక్టరీలో సి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన ఒకాయన పొద్దున్నే పేపరు చదువుతుంటే కుడికన్ను చీకటయింది. రాత్రంతా నిద్ర లేదు కదా, అందుకే అయ్యుంటుందనుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం లేచి మొహం కడుక్కున్నాడు, తేడా లేదు. సాయంత్రం గాజువాకలో కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళాడు. షాపతను మంచివాడు, ఇది అద్దాలతో తేలేది కాదన్నాడు. మర్నాడు ఓపీలో నా ముందు కూర్చున్నాడు. "ఏటీ నొప్పి నేదు కదండీ, దానికదే సర్దుకుంటాదనుకున్నాను" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. నొప్పి లేని జబ్బు ప్రమాదం కాదని చిన్నప్పటి నుంచీ అందరం అనుకునేదే. రెటీనాకు నొప్పి తెలిసే నరాలు లేవు. రక్తం అందక చచ్చిపోతున్నా అది చప్పుడు చేయదు.

2. రెటీనాకు ఉన్న గడువు తక్కువ.

ఈ గడువును కొలిచినవాడు మన దేశంవాడే. సోహన్ సింగ్ హేరే అని పంజాబులో పుట్టి, తర్వాత అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో స్థిరపడిన కంటి శాస్త్రవేత్త. కోతుల్లో ఈ ధమనిని నిర్ణీత సమయం పాటు మూసి, మళ్ళీ తెరిచి, ఎంతసేపటికి ఎంత నష్టం జరుగుతోందో చూశాడు. ముసలి కోతుల్లో, బీపీ ఉన్న కోతుల్లో, రక్తనాళాలు గట్టిపడిన కోతుల్లో చేసిన ప్రయోగాల్లో తేలింది ఇది: 97 నిమిషాల దాకా మూసి ఉంచినా రెటీనా తట్టుకుంది. ఆ తర్వాత నష్టం పెరుగుతూ పోయింది. 240 నిమిషాలకు, అంటే నాలుగు గంటలకు, మళ్ళీ బాగుచేయలేనంతగా దెబ్బతింది.

మనుషుల్లో ధమని ప్రతిసారీ పూర్తిగా మూసుకుపోదు, సన్నగా కొంత రక్తం పాకుతూ ఉండవచ్చు. కొందరికి పుట్టుకతోనే మధ్య రెటీనాకు వేరే చిన్న ధమని ఒకటి ఉంటుంది, ప్రధాన ధమని మూసుకున్నా అది నడిమి చూపును కాపాడుతుంది. ఈ అదృష్టం తమకుందో లేదో ఎవరూ ముందుగా చెప్పలేరు. కాబట్టి నాలుగు గంటలే ఉన్నాయనుకుని కదలాలి. నాలుగున్నర గంటలు దాటాక, ధమనిలో ఇరుక్కున్న రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి డాక్టర్లు సాధారణంగా ఒప్పుకోరు.

3. గడియారం మొదలయ్యేది చూపు పోయిందని గుర్తించినప్పటి నుంచి కాదు, చివరిసారి బాగా కనిపించినప్పటి నుంచి.

నిద్రలో చూపు పోతే లెక్క పడుకున్న వేళ నుంచి మొదలవుతుంది. షిఫ్టు ఉద్యోగుల ఇళ్ళలో ఇది చాలా ముఖ్యం. ఉదయం ఏడింటికి పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేచిన మనిషి కన్ను ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికి తెలుసు? మధ్యలో బాత్రూముకు లేచాడా, లేచినప్పుడు ఫోన్ చూశాడా, ఎవరితోనైనా మాట్లాడాడా అని ఇంట్లోవాళ్ళు గుర్తు చేసుకోవాలి. అలా ఏడింటికి పడుకున్న ఒకాయన భార్య "పదకొండింటికి లేచి టీవీలో మ్యాచ్ స్కోరు చూసి మళ్ళీ పడుకున్నారు" అని చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆయన గడువు నాలుగు గంటలు పెరిగింది.

ఇంకొకటి. ఒక కన్ను పోయినా రెండో కన్నుతో పని నడిచిపోతుంది. చాలామంది ఏ దుమ్మో పడిందని బాగున్న కన్ను నలుపుకున్నప్పుడే రెండోది పోయిన సంగతి తెలుసుకుంటారు. రోజూ పొద్దున పేపరు పట్టుకున్నప్పుడు ఒక్కో కన్ను అరచేత్తో మూసి పెద్ద అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. అర నిమిషం పని.

4. వెళ్ళాల్సింది పక్షవాతానికి వైద్యం చేసే ఆస్పత్రికి.

కన్ను పోయింది కాబట్టి కంటి ఆస్పత్రికి వెళ్ళడం సహజం. మన ఊళ్ళో మంచి కంటి ఆస్పత్రులు ఉన్నాయి. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది, సింహాచలం వైపు శంకర్ ఫౌండేషన్ ఉంది, హనుమంతవాకలో 2006 నుంచి ఎల్వీ ప్రసాద్ సంస్థ ఉంది. ఇవి నిలబెట్టిన కళ్ళకు లెక్క లేదు. అయితే ఈ ఒక్క జబ్బులో కావలసింది సీటీ స్కాన్, రక్తపరీక్షల ల్యాబ్, ఐసీయూ, గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేయగల న్యూరాలజీ బృందం. అవన్నీ ఉండేది పెద్ద జనరల్ ఆస్పత్రిలో. 2021లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీని మీద ఒక ప్రకటన వెలువరించింది. రెటీనా ధమని మూసుకుపోవడాన్ని మెదడు పక్షవాతంతో సమానంగా చూడాలని, రోగిని వెంటనే స్ట్రోక్ కేంద్రానికి పంపాలని అందులో గట్టిగా చెప్పారు. కంటి లోపలి ధమని మెదడుకు రక్తం తీసుకెళ్ళే మెడ ధమని కొమ్మే కదా. గడ్డ మెదడులో ఇరుక్కుంటే పక్షవాతం, దారి తప్పి కంట్లో ఇరుక్కుంటే ఇది. జబ్బు ఒకటే, చోటు వేరు.

కూర్మన్నపాలెం నుంచి మహారాణిపేటలోని పెద్దాస్పత్రి కేజీహెచ్‌కు రావాలంటే గాజువాక, ఎన్ఏడీ దాటాలి. షిఫ్టు మారే వేళ ఆ రోడ్డు సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. 108కి ఫోన్ చేయండి. ఫోన్‌లో "కన్ను కనబడటం లేదు" అని ఊరుకోకండి. "ఉన్నట్టుండి ఒక కన్ను చూపు పోయింది, స్ట్రోక్ అనుమానం" అని చెప్పండి. ఆస్పత్రి క్యాజువాలిటీలోనూ ఆ మాటే చెప్పండి. "స్ట్రోక్" అన్న మాటకు స్ట్రెచర్ కదులుతుంది. "కంటి సమస్య" అంటే రేపు ఓపీకి రమ్మంటారు.

5. ఈ పాఠం క్యాజువాలిటీలో కూర్చునే కుర్ర డాక్టర్ల కోసం.

మన పుస్తకాల్లో ఈ జబ్బుకు బొమ్మ ఒకటే వేస్తారు: పాలిపోయిన రెటీనా, మధ్యలో చెర్రీ పండులా ఎర్రటి చుక్క. ఆ చుక్క కనబడేసరికి గంటలు గడిచిపోయి ఉంటాయి. మొదటి గంటా రెండు గంటల్లో లోపల చూస్తే అంతా మామూలుగానే ఉన్నట్టు అనిపించవచ్చు. రెటీనా బాగుంది కదా అని పంపించేశారో, మందు పనిచేయగల ఆ కాస్త సమయమూ పోతుంది.

నమ్మదగింది టార్చిలైటు. గది చీకటి చేసి బాగున్న కంటి మీద వెలుగు వేయండి, రెండు పాపలూ ముడుచుకుంటాయి. వెలుగును గబుక్కున దెబ్బతిన్న కంటి మీదికి తిప్పండి. ముడుచుకునే ఉండాల్సిన పాప మెల్లగా విచ్చుకుంటుంది. వెలుగు ఆ కంట్లో పడుతోంది, దాని కబురు మెదడుకు చేరడం లేదన్నమాట. కన్ను ఎర్రగా లేదు, నొప్పి లేదు, చూపు ఠక్కున పోయింది, పాప విచ్చుకుంది. ఈ నాలుగూ కలిస్తే స్ట్రోక్ బృందాన్ని పిలవడానికి ఇంకేమీ అక్కర్లేదు.

ఆఫ్తాల్మోస్కోపు చేతబట్టడం వచ్చినవాళ్ళు ఒక్క క్షణం ఓపిగ్గా ధమనుల్లోకి చూడండి. ఆగిపోయిన రక్తం ముక్కలుముక్కలుగా విడిపోయి, మధ్య మధ్య ఖాళీలతో ఉంటుంది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు బండి మన పోర్టు బయట సిగ్నల్ దగ్గర ఆగినట్టు, వ్యాగన్ వెనక వ్యాగన్. కొన్నిసార్లు ఆ వరుస అంగుళంలో ఆవగింజంత ముందుకు జరిగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. ఒకసారి చూసినవాళ్ళు మరచిపోలేరు. ఓసీటీ యంత్రం అందుబాటులో ఉంటే రెటీనా లోపలి పొరలు ఉబ్బడం తొందరగానే పట్టిస్తుంది. న్యూయార్కులో మౌంట్ సైనై ఆస్పత్రివాళ్ళు ఆ యంత్రాన్ని అత్యవసర విభాగం దగ్గరే పెట్టి, కంటి డాక్టరు ఎక్కడున్నా చిత్రం చూసి చెప్పేలా ఏర్పాటు చేసుకున్నారు. మనకూ టెలీమెడిసిన్ కొత్తేమీ కాదు.

6. గడ్డ కరిగించే మందు గురించి తెలియాల్సినంత.

ఆల్టిప్లేజ్ అనీ, టెనెక్టిప్లేజ్ అనీ రెండు మందులు. గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ అనే దారాలను కరిగించే పదార్థం మన రక్తనాళాల్లోనే పుడుతుంది. దాన్ని పోలినదాన్నే ప్రయోగశాలలో తయారు చేశారు. మెదడు పక్షవాతంలో ఆల్టిప్లేజ్ మేలు చేస్తుందని అమెరికాలో 1995లో తేలింది, మరుసటి ఏడు అక్కడ అనుమతి వచ్చింది. మొదట మూడు గంటల్లోపు ఇచ్చేవారు. 2008లో యూరప్ అధ్యయనం తర్వాత నాలుగున్నర గంటలకు పెంచారు. మోతాదు మనిషి బరువును బట్టి, కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90కి మించకుండా. అందులో పదో వంతు ఒక్కసారిగా నరంలోకి, మిగతాది గంటసేపు డ్రిప్‌లో. టెనెక్టిప్లేజ్ అయితే ఒకే ఇంజెక్షన్, డ్రిప్ అక్కర్లేదు. పుణెలోని జెన్నోవా కంపెనీ దాన్ని మన దేశంలోనే తయారు చేస్తోంది.

ఈ కోవ ఇంజెక్షన్ ఇప్పుడు మన జిల్లాలకు కొత్త కాదు. గుండెపోటు వచ్చినవాళ్ళకు చిన్న ఊళ్ళ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే దాన్ని ఉచితంగా ఇచ్చే పథకం 2023లో రాష్ట్రంలో మొదలైంది. పెద్దాస్పత్రి డాక్టరు ఈసీజీ దూరం నుంచే చూసి చెబుతాడు, అక్కడున్న డాక్టరు ఇంజెక్షన్ చేస్తాడు. వేలల్లో ఖరీదు చేసే మందు కూలివాడికి పైసా ఖర్చు లేకుండా అందింది. గుండె కోసం ఇంత ఏర్పాటు చేయగలిగినవాళ్ళం పక్షవాతానికీ, కంటికీ చేయలేమా?

అయితే ఈ మందుతో రక్తస్రావం ముప్పు ఉంది. 1995 నాటి అధ్యయనంలో మందు తీసుకున్న వంద మందిలో ఆరుగురికి పైగా మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం జరిగింది. కంటి రోగుల్లో ఈ ముప్పు అంతకన్నా తక్కువే ఉంటుంది, వాళ్ళ మెదడు కణజాలం అంతగా దెబ్బతిని ఉండదు కాబట్టి. అయినా ఉంది. అందుకే ముందు సీటీ తీసి మెదడులో రక్తం లేదని చూసుకుంటారు. బీపీ 185/110 కంటే కిందికి తెస్తారు. ఈ మధ్య పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళకు చాలాసార్లు ఇవ్వరు. ఇవ్వనంటే కోప్పడకండి.

7. మందు ఇచ్చినా చూపు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

ఈ పాఠం రాయడం కష్టంగానే ఉంది, అయినా దాచడం తగదు. మెదడు పక్షవాతంలో ఉన్నంత గట్టి రుజువు కంటి విషయంలో లేదు. ఆస్ట్రియా, జర్మనీ దేశాల్లో ఈగిల్ అనే అధ్యయనం చేశారు. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి కంటి ధమని మొదట్లోనే మందు వదిలారు. 2010లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్నవాళ్ళలో 57 శాతం మందికి చూపు కొంత మెరుగుపడింది. మందు తీసుకోకుండా కనుగుడ్డు మసాజు వంటి మామూలు వైద్యం పొందినవాళ్ళలో 60 శాతం మందికి మెరుగుపడింది. తేడా లేనట్టే. దుష్ఫలితాలు మాత్రం 4 శాతం నుంచి 37 శాతానికి పెరిగాయి. మధ్యలోనే ఆపేశారు.

ఆ కాగితాలు జాగ్రత్తగా చదివితే ఒక సంగతి కనబడుతుంది. అందులో రోగులకు మందు అందేసరికి సగటున 12 గంటలు దాటింది. నాలుగు గంటల్లో చచ్చిపోయే రెటీనాకు పన్నెండు గంటల తర్వాత మందు ఇచ్చి, పనిచేయలేదనడం మందుకు న్యాయం కాదు. 2015లో పాత అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూసినప్పుడు, ఏ వైద్యమూ లేకుండా వందకు 18 మందికి చూపు తిరిగొస్తే, నాలుగున్నర గంటల్లోపు నరం ద్వారా మందు తీసుకున్నవాళ్ళలో సగం మందికి వచ్చింది. అవన్నీ చిన్న చిన్న అధ్యయనాలు, రోగుల్ని చీటీ వేసి విడగొట్టినవి కావు. ఆ అనుమానం తీర్చడానికే ఫ్రాన్స్, నార్వే, జర్మనీల్లో పద్ధతిగా ట్రయల్స్ చేపట్టారు. కొన్ని పదుల మందిని పోగేయడానికే ఏళ్ళు పట్టింది. జబ్బు అరుదు, సకాలంలో వచ్చేవాళ్ళు మరీ అరుదు.

ఇంకో కారణం కూడా ఉంది. మందు కరిగించేది ఫైబ్రిన్‌ను. మెడ ధమని నుంచి ఊడిపడిన కొలెస్టరాల్ ముక్కనూ, గుండె కవాటం నుంచి వచ్చిన సున్నపు ముక్కనూ అది కరిగించలేదు. ఇరుక్కున్నది ఏదో బయట నుంచి కచ్చితంగా తెలుసుకునే దారి ఇంకా లేదు. కాబట్టి కుటుంబాన్ని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఇది కంటి కోసం విడిగా అనుమతి పొందిన వైద్యం కాదు, తొందరగా వచ్చారు కాబట్టి అవకాశం ఉంది, రక్తస్రావం ముప్పూ ఉంది, నిర్ణయం మీది. రెండో కన్ను ముందే పోయినవాడికి ఇది ఒక లెక్క. రెండో కన్ను నిక్షేపంగా ఉండి, వయసు ఎనభై దాటి, బీపీ కొండెక్కినవాడికి ఇంకో లెక్క. నా మటుకు నేను, నాలుగు గంటల్లోపు వచ్చి, వద్దనడానికి కారణాలేవీ లేని మనిషికి ఇవ్వాలనే అంటాను.

8. పాత పద్ధతుల మీద కాలం పోగొట్టకండి.

ఈ జబ్బును మొదట వర్ణించింది జర్మనీలో ఫాన్ గ్రేఫే అనే మహానుభావుడు, 1859లో. కంటి లోపలికి చూసే పరికరం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళే. అప్పటి నుంచీ డాక్టర్లు ఎన్నో ప్రయత్నించారు. కనుగుడ్డును వేళ్ళతో నొక్కి వదలడం, సూదితో కంట్లో నీరు తీయడం, కాగితపు సంచిలో ఊపిరి పీల్చమనడం, కంటి ఒత్తిడి తగ్గించే మాత్రలు, చుక్కల మందు. మా తరం ఇవన్నీ చేసింది, చేతిలో ఇంకేమీ లేక చేసింది. వీటివల్ల మేలు జరుగుతుందనడానికి రుజువు లేదు. సూది గుచ్చడం, ఆ తర్వాత గడ్డ కరిగించే మందుకు అడ్డం కూడా కావచ్చు. ఎక్కువ ఒత్తిడి గదిలో ఆక్సిజన్ ఇవ్వడం కొన్నిచోట్ల చేస్తారు. లోతు సముద్రంలోకి దిగే డైవర్లకు వాడే గదులే అవి. అది దగ్గర్లో ఉండి, వెంటనే దొరికితే సరే. దాని కోసం ఊరు దాటి వెళ్ళడం మాత్రం వద్దు.

9. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు.

వాడుతున్న మందుల చీటీ వెతకడానికి టైము లేకపోతే మాత్రల స్ట్రిప్పులే సంచిలో వేసుకోండి. గుండెకు కవాటం వేయించుకుని ఎసిట్రామ్ వంటివి వాడుతున్నవాళ్ళయితే అది మొట్టమొదట చెప్పండి. మనిషి బరువు తెలిస్తే మంచిది. దారిలో ఆస్పిరిన్ మింగించకండి, స్కాన్ అయ్యాకే. బీపీ ఎక్కువుందని ఇంట్లో ఉన్న మాత్ర నాలుక కింద పెట్టకండి. బీపీ ఒక్కసారిగా పడిపోతే కొనఊపిరితో ఉన్న రెటీనాకు చేరే ఆ కాస్త రక్తమూ చేరదు. అమ్మమ్మలు చెప్పే చనుబాలు, తేనె, నందివర్ధనం పూల రసం ఈ జబ్బు దరిదాపులకు కూడా రావు.

10. తెర పడి, మళ్ళీ లేచిపోయినా వదలొద్దు.

ఫిషింగ్ హార్బర్‌లో పడవ నడిపే ఒక సరంగు అన్నాడు: "కర్టెన్ దించీసినట్టయిపోనాది బాబూ, ఐదు నిమిషాల్లో మళ్ళీ ఎత్తీసింది. దేవుడు దయ సూశాడనుకున్నాను." గడ్డ వచ్చి ఇరుక్కుంది, ముక్కలై ముందుకు కొట్టుకుపోయింది. దాని పుట్టిల్లు, అంటే మెడ ధమనో గుండో, అలాగే ఉంది. ఇంకో గడ్డ ఎప్పుడైనా రావచ్చు. ఆయన్ని ఆ రోజే మెడ ధమనుల డాప్లర్ పరీక్షకు పంపాం. ఎడమవైపు ధమని చాలావరకు పూడిపోయి ఉంది. వేటకు వెళ్ళి నడిసముద్రంలో ఉన్నప్పుడు పెద్ద గడ్డ వచ్చి ఉంటే ఎవరూ ఏమీ చేయగలిగేవారు కాదు. చూపు తిరిగొచ్చిన రోజే పరీక్షలకు సరైన రోజు.

11. కన్ను పోయినా, గడువు దాటినా, ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

"ఎలాగూ పోయింది కదా, ఇంకెందుకు" అనేవాళ్ళను ఎంతమందిని చూశానో. కంటి ధమని మూసుకున్న తర్వాత వచ్చే మొదటి కొన్ని రోజులు, వారాలు మెదడు పక్షవాతానికి మహా ప్రమాదకరమైన కాలం. ఎమ్మారై తీస్తే, కాలూ చెయ్యీ బాగానే ఆడుతున్న మనిషి మెదడులో సైతం చిన్న చిన్న మచ్చలు కనబడటం తక్కువేమీ కాదు. ఈసీజీ, గుండె స్కాను, మెడ ధమనుల పరీక్ష, షుగరు, కొలెస్టరాల్ అన్నీ చూడాలి. మన దగ్గర ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళలో ఇది వస్తే గుండె కవాటాల వైపు తప్పక చూడాలి, కీళ్ళవాతం వల్ల దెబ్బతిన్న కవాటాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. యాభై దాటినవాళ్ళకు కణతల దగ్గర నొప్పి, దువ్వెన తగిలితే తల మంట, నమిలేటప్పుడు దవడ నొప్పి ఉంటే అది వేరే జబ్బు. రక్తనాళాల వాపు. మనవాళ్ళలో అరుదు, కానీ వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టకపోతే రెండో కన్నూ పోవచ్చు. ఈఎస్ఆర్, సీఆర్పీ పరీక్షలు చేయించకుండా వదలకూడదు.

రెండు మూడు నెలల లోపు చూపు పోయిన కంట్లో పిచ్చి రక్తనాళాలు మొలిచి, ఒత్తిడి పెరిగి, భరించలేని నొప్పి రావచ్చు. నెలకోసారైనా కంటి డాక్టరుకు చూపించుకోండి.

12. పొగాకు. మన తీరంలో మత్స్యకార స్త్రీలు నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతారు. ఈ అడ్డపొగ వల్ల అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ వస్తాయని ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. నేను కలిపేది ఒకటే: అది ధమనుల్నీ పూడుస్తుంది. బీడీ అయినా, చుట్టయినా, ఏ వైపు నుంచి తాగినా.

13. ఒంటికన్నుతో బతుకు.

క్రేన్ నడిపేవాడికి, రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన కమ్మీల పక్కన నడిచేవాడికి లోతు అంచనా ప్రాణంతో సమానం. ఒక కన్ను పోతే దూరం దగ్గర తేడా మొదట్లో తెలియదు. గ్లాసులో నీళ్ళు పోస్తే బల్ల మీద పడతాయి, మెట్టు దిగబోతే అడుగు తప్పుతుంది. కొన్ని నెలల్లో మెదడు చాలావరకు సర్దుకుంటుంది. అప్పటిదాకా స్కూటరు ముట్టుకోవద్దు. ఉద్యోగంలో తేలిక పని అడగడానికి మొహమాటపడొద్దు, మెడికల్ బోర్డు ఉన్నది అందుకే. మిగిలిన కంటికి పవర్ ఉన్నా లేకపోయినా పగలని పాలికార్బొనేట్ అద్దాలు ఎప్పుడూ ఉండాలి. ఇంట్లోవాళ్ళకు ఒక మాట. చూపు పోయిన వైపు నుంచి హఠాత్తుగా వచ్చి మీద చెయ్యి వేయకండి. ముందు పిలవండి.

14. చివరగా ఒక మనవి, ఊళ్ళోని ఆస్పత్రుల పెద్దలకు.

హనుమంతవాకలో విమ్స్ పెద్దాస్పత్రీ, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రీ ఇరుగుపొరుగున ఉన్నాయి. కేజీహెచ్‌కూ, ప్రాంతీయ కంటి ఆస్పత్రికీ మధ్య దూరం పెద్దదేం కాదు, రెండూ ఆంధ్రా మెడికల్ కాలేజీ నీడలోవే. పోర్టుకు, ఉక్కు ఫ్యాక్టరీకి, నేవీకి సొంత ఆస్పత్రులు ఉన్నాయి. ఇంత వైద్యం ఒక్కచోట ఉన్న ఊరు ఉత్తరాంధ్రలో మరొకటి లేదు. పాడేరు నుంచీ, పలాస నుంచీ జనం ఇక్కడికే వస్తారు. ప్రతి కంటి ఆస్పత్రి రిజిస్ట్రేషన్ కౌంటరు దగ్గరా పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక బోర్డు పెట్టండి: "ఈ రోజు ఉన్నట్టుండి చూపు పోయినవారు లైనులో నిలబడవద్దు, వెంటనే చెప్పండి." కౌంటర్లో కూర్చునే అమ్మాయికి "ఎప్పటి నుంచి?" అని అడగడం నేర్పండి. ప్రతి స్ట్రోక్ బృందం దగ్గర రాత్రి పూట ఫోన్ ఎత్తే కంటి డాక్టరు నంబరు ఒకటి ఉండాలి, ప్రతి కంటి డాక్టరు దగ్గర స్ట్రోక్ డ్యూటీ నంబరు ఉండాలి. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. ఈ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక్క సమావేశం చాలు, దాన్ని ఈ నెలలోనే పెట్టండి.